తలుపునకు తలుపునకు నడుమ



మోషే ధర్మశాస్త్రములో ఇల్లు కట్టుకొనువారికి ఒక చిన్న ఆజ్ఞ కలదు. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనములో దానిని చూడవచ్చును. క్రొత్త ఇల్లు కట్టువాడు మిద్దె చుట్టు పిట్టగోడ పెట్టవలెను. పెట్టని యెడల అక్కడనుండి ఎవడైన పడి చనిపోయినచో ఆ రక్తదోషము ఆ ఇంటిమీదనే నిలుచును. ఇది ఆ ఆజ్ఞ సారాంశము. పక్షిగూటిని గూర్చిన మాటకును ద్రాక్షతోటలో రెండు విధముల విత్తనములు చల్లరాదను మాటకును నడుమ ఇది ఇమిడియున్నది గనుక మనలో అనేకులు చదువుచునే దాటిపోవుదురు.

ఆ దేశములో మిద్దెలు చదునుగా నుండెడివి. రాహాబు తన మిద్దెమీద జనుపకట్టెలు పేర్చుకొన్నది. పేతురు యొప్పేలో ప్రార్థన చేయుటకు మిద్దె యెక్కెను. అందరు తిరుగు చోటు అది. అయితే ఇంటి యజమానుడు పిట్టగోడ లేకున్నను పడడు. తన మిద్దె అంచు ఎక్కడ నున్నదో అతని కాళ్లకు తెలియును, చీకటిలో సైతము తెలియును. తెలియనిది చుట్టపుచూపుగా వచ్చినవానికి, పనికి వచ్చినవానికి, ఆడుకొను పిల్లవానికి. కాబట్టి ఆ గోడను కట్టువాడొకడు, దాని అవసరమున్నవాడు మరియొకడు. ఇంకొక సంగతి గమనింపుడి. ఎవడైన పడిన తరువాత గోడ కట్టుమని ఆ ఆజ్ఞ చెప్పలేదు. ఇల్లు క్రొత్తదిగా నుండగనే, ఇంకను ఎవడును పడకమునుపే కట్టవలెను.

ఈ నెల ఈ మాటను తలంచుటకు కారణము, మోషే కాలములో లేని ఒక వస్తువు ఇప్పుడు ఇండ్లలోనికి వచ్చియుండుటయే. అది ఇంటి లిఫ్టు.

పట్టణములోని ఆస్పత్రికి పోయినవారు లిఫ్టును చూచియే యుందురు. అది పదిమంది ఎక్కు పెద్దది. ఇంటి లిఫ్టు చిన్నది. ఒకే కుటుంబము కొరకు, ఒకే ఇంటిలో, రెండు మూడు అంతస్తులకు పెట్టించుకొనునది. అమెరికా దేశములో మోకాళ్ల నొప్పులుగల వృద్ధులును చక్రముల కుర్చీలో తిరుగువారును దీనివలన ఎంతో మేలు పొందుచున్నారు. సముద్రతీరములలో స్తంభములమీద ఎత్తుగా కట్టి సెలవులకు అద్దెకిచ్చు ఇండ్లలోను, సామానులు పైకి చేర్చుటకు సుళువని అనేకులు పెట్టించిరి. మనవారి పిల్లలు అనేకులు ఆ దేశములో కాపురముండుటయు, మనుమలను ఎత్తుకొనుటకు తల్లిదండ్రులు పోయి ఆరు నెలలుండి వచ్చుటయు మన గ్రామములలో ఇప్పుడు వింత కాదు. హైదరాబాదులోను విజయవాడలోను మూడంతస్తుల ఇల్లు కట్టువారు లిఫ్టునకు చోటు విడుచుట మొదలుపెట్టిరి. దీనిని తప్పుపట్టుట నా ఉద్దేశము కాదు. ముసలితల్లిని మెట్లు ఎక్కించుట కష్టమై క్రింది గదిలో ఒంటరిగా ఉంచుటకంటె లిఫ్టు పెట్టించుట మేలే.

ఆ లిఫ్టునకు రెండు తలుపులుండును. ఒకటి అంతస్తు వైపునది. అది చాల ఇండ్లలో గది తలుపువలెనే చెక్కతో చేసినదై, పిడి పట్టి లాగినచో తెరచుకొనును. చూచినవారు అది బట్టల బీరువా తలుపనుకొందురు. రెండవది లిఫ్టు పెట్టెకున్న తలుపు. అది తరచుగా మడతలు పడునట్టిది. రెండును మూసినగాని పెట్టె కదలదు. అటువంటప్పుడు ఇక అపాయమేమి అని తోచును. అపాయమంతయు ఆ రెంటి నడుమ నున్నది. ఒక పిల్లవాడు బయటి తలుపు తెరచి, లోపలి తలుపు మూసియుండుట చూచి, ఆ సందులో నిలుచునని తలంచుడి. వాని వెనుక బయటి తలుపు మూతపడును. ఇప్పుడు రెండు తలుపులును మూసియే యున్నవి. యంత్రము లెక్కకు అంతయు సరిగా నున్నది. పై అంతస్తులో ఎవరో, ప్రేమగల అమ్మమ్మయే కావచ్చును, మీట నొక్కును. పెట్టె కదలును. ఆ మీదట జరుగునది వ్రాయుటకు చేయి రాదు.

ఆ సందు ఎంత వెడల్పు? అమెరికాలో లిఫ్టులు బిగించువారికి ఒక నియమావళి కలదు. దాని పాత ముద్రణల ప్రకారము రెండు తలుపుల నడుమ 5 అంగుళముల వరకు ఉండవచ్చును. 2016 ముద్రణలో దానిని 4 అంగుళములకు తగ్గించిరి. అంగుళమే గదా అని అనుకొనవద్దు. చిన్నపిల్లవాడు ప్రక్కకు తిరిగినచో ఎంత సందులో దూరునో పిల్లలను పెంచిన తల్లులకు తెలియును. పైగా అనేక ఇండ్లలో ఆ 5 అంగుళముల కొలతయు నిలువలేదు. వడ్రంగి తలుపు చట్రమును గోడ అంచునకు కొంచెము ఇవతలికి పెట్టెను, అందముగా నుండుటకు పలుచని తలుపు బిగించిరి, సందు పెరిగెను. పెద్దల కంటికి అది లోపముగా కనబడలేదు.

ఇక్కడ లిఫ్టు చరిత్రలో అందరు చెప్పుకొను ఒక సంగతి జ్ఞాపకమునకు వచ్చుచున్నది. 1854లో న్యూయార్కు నగరములో జరిగిన ప్రదర్శనలో ఎలీషా ఓటిస్ అనునతడు జనులు చూచుచుండగా ఎత్తున వ్రేలాడు బల్లమీద నిలుచుండి, దానిని మోయుచున్న త్రాటిని నరికించెను. బల్ల కొంచెము జారి, ఆగిపోయెను. అతడు కనిపెట్టిన పట్టుకొమ్ము దానిని ఆపెను. 1857లో అదే నగరములో ఒక అంగడి భవనమందు జనులు ఎక్కు లిఫ్టును అతని కంపెనీవారు బిగించిరి. త్రాడు తెగునేమో అను భయము పెద్దలది. ఎక్కువాడు పెద్దవాడు, డబ్బిచ్చువాడు పెద్దవాడు, భయపడువాడును పెద్దవాడే గనుక ఆ భయమునకు మొదటనే జవాబు దొరికెను. తలుపుల సందును గూర్చిన భయము మాత్రము ఎవరికిని పుట్టలేదు. ఏలయనగా లిఫ్టు చేసినవాడు ఆ సందులో పట్టడు. బిగించినవాడు పట్టడు. చూచిపోవు అధికారి పట్టడు. కొనిన యజమానుడును పట్టడు. ఆ కొలతకు సరిపోవు శరీరము గలవాడు, తన భయమును చెప్పుటకు మాట చాలనివాడు ఒక్కడే.

లోకములో అనేక అపాయములు ఇట్టివే అని నాకు తోచుచున్నది. అవి చిన్నవారి కొలతకు చేసినట్లుండును గనుక పెద్దవారి కంట పడవు. ఒక చిన్నబిడ్డను నడుమ నిలువబెట్టి ప్రభువు శిష్యులతో మాటలాడిన సందర్భము (మత్తయి 18) మన మందరము ఎరిగినదే. ఆ బిడ్డవలె వినయముగలిగి యుండవలెనని మనము ప్రసంగములు విందుము. బిడ్డ యెత్తునకు వంగి ఒకసారి మన ఇంటిని చూడవలెనని ఎవరును చెప్పగా నేను వినలేదు.

జరిగిన సంగతులు కొన్ని చెప్పెదను. అమెరికా ప్రభుత్వమునకు వినియోగ వస్తువుల భద్రతా కమిషను అని యొకటి కలదు. 1972 నాటి చట్టముచేత అది ఏర్పడెను. 2019 ఆగస్టులో ఆ కమిషను ఇంటి లిఫ్టుల తలుపుల సందును గూర్చి దేశమంతటికి హెచ్చరిక చేసెను. 2021 జూలైలో థిస్సెన్‌క్రుప్ యాక్సెస్ అను కంపెనీ మీద ఫిర్యాదు వేసెను. 2010లో మూడేండ్ల బిడ్డ జన్మాంతము అవిటితనమునకు గురియైనదనియు, 2017లో రెండేండ్ల బిడ్డ చనిపోయినదనియు ఆ ఫిర్యాదులో ఉన్నది. ఆ జూలై నెలలోనే ఉత్తర కరొలైనా సముద్రతీరమున, సెలవులకు అద్దెకు తీసికొనిన ఇంటిలో, ఏడేండ్ల బాలుడొకడు లిఫ్టులో నలిగి మరణించెను. కమిషను అద్దె ఇండ్ల వ్యాపారము చేయు కంపెనీలకు వ్రాసి, సరిచూచువరకు లిఫ్టులను పనిచేయకుండ ఆపించుడని కోరెను. కొన్ని నెలలకు పై కంపెనీతో రాజీ కుదిరి, దాదాపు 16,800 లిఫ్టులను ఉచితముగా పరీక్షించి, సందు ఎక్కువగా నున్న చోట దానిని పూడ్చు బిగింపును ఉచితముగా పెట్టుటకు కంపెనీ ఒప్పుకొనెను. 2022 ఆరంభములో మరి కొన్ని కంపెనీలును ఇట్టి ప్రకటనలు చేసెను. అదే సంవత్సరము ఉత్తర కరొలైనా శాసనసభవారు అద్దె ఇండ్ల యజమానులు ఈ సందును సరిచేయవలెనని చట్టము చేసిరి.

ఆ బిగింపు ఏమిటో వినినచో ఆశ్చర్యపడుదురు. బయటి తలుపు వెనుక భాగమున మరలతో బిగించు ఒక గట్టి దిమ్మ. అది సందును నింపును. బిడ్డ నిలుచుటకు చోటుండదు. దాని కొరకు మరియొక ఓటిస్ పుట్టవలసిన పని లేదు. తలుపు బిగించిన వడ్రంగి ఒక పూటలో చేయగల పని. లిఫ్టు ఖరీదులో అది ఏ మూలకు? అయితే అంత సులభమైన పని అంత ఆలస్యమేల అయ్యెను?

ఎవరిని అడిగినను వారి చేతులు శుభ్రముగానే యుండును. లిఫ్టు చేసిన కంపెనీ, బయటి తలుపు మాది కాదు, మేము చెప్పిన కొలతలో బిగించినచో అపాయము లేదు అనును. లిఫ్టు బిగించినవాడు, నేను పోవునాటికి తలుపు చట్రము కట్టియున్నది అనును. ఇల్లు కట్టిన మేస్త్రి, పటములో ఉన్నట్లే కట్టితిననును. సర్కారు తనిఖీదారు, సొంత ఇంటి లోపలికి వచ్చుటకు అనేక చోట్ల నాకు అధికారము లేదనును. ఇంటి యజమానుడు, నాకేమి తెలియును, డబ్బిచ్చితిననును. వీరిలో ఎవరును అబద్ధమాడుట లేదు. ఒక్కొక్కని మాట నిజమే. అయినను అన్ని నిజములు కలిసినను బిడ్డ ఉన్న చోటు ఖాళీగానే యున్నది.

దీనికి ధర్మశాస్త్రములో ఒక విచిత్రమైన విధి కలదు. ద్వితీయోపదేశకాండము 21వ అధ్యాయము ఆరంభములో చదువుడి. పొలములో ఒకడు చంపబడి పడియుండగా, చంపినవాడెవడో తెలియనప్పుడు, పెద్దలు వచ్చి ఆ శవము ఉన్న చోటినుండి చుట్టునున్న ఊళ్లకు దూరము కొలువవలెను. ఏ ఊరు దగ్గరదో ఆ ఊరి పెద్దలు దానిని తమమీద వేసికొని, చేయవలసినది చేయవలెను. వారు చంపలేదు, చంపలేదని చేతులు కడుగుకొని చెప్పుటయు ఆ విధిలోనే ఉన్నది. అయినను మాకు సంబంధము లేదని ఇంటనుండుటకు వీలులేదు. మొదట రావలెను, కొలువవలెను, తరువాతనే చేతులు కడుగుకొనవలెను. మన కాలములో చేతులు ముందు కడుగుకొందుము. కొలత వేయుటకు ఎవరును పోరు. పై కథలోను కావలసినది అదియే గదా? ఒకడు టేపు పట్టుకొని పోయి, రెండు తలుపుల నడుమ ఎన్ని అంగుళములో చూచుట.

ఇక అసలు ప్రశ్నకు వచ్చుచున్నాను. తెలియక చేసినవాడు దోషియా? తలుపు కొంచెము ఇవతలికి బిగించిన వడ్రంగి, ఇరువది యేండ్ల తరువాత ఒక బిడ్డ ఆ సందులో నిలుచునని కల గనెనా? అతనిని నరహంతకుడనుట అన్యాయము. నిర్గమకాండము 21వ అధ్యాయములో పొడుచు ఎద్దును గూర్చిన విధి ఈ భేదమును చక్కగా చూపుచున్నది. ఎద్దు మొదటిసారి ఒకని పొడిచి చంపినచో ఎద్దు చావవలెను, యజమానుడు నిర్దోషి. అయితే ఆ ఎద్దు పొడుచునదని వానికి ముందే తెలియజేసినను వాడు దానిని కట్టివేయక విడిచినచో, అప్పుడు యజమానుడును ప్రాణముతో జవాబు చెప్పవలసినవాడు. ఎద్దు అదే. కొమ్ములు అవే. నడుమ వచ్చినది ఒక్క మాట, తెలియజేయుట. ఆ మాట చెవినిబడిన క్షణమున ఎద్దు వానిదైనట్లుగా అపాయమును వానిది ఆయెను.

అమెరికా చట్టములోను దీనికి పోలినది కలదు. తాను అమ్మిన వస్తువు జనులకు గొప్ప అపాయము తెచ్చునని నమ్ముటకు తగిన సమాచారము చేతికి వచ్చిన కంపెనీ, 24 గంటలలో కమిషనుకు తెలుపవలెను. ఇరువదినాలుగు గంటలు! ఎద్దు పొడుచునదని విన్నవాడు ఆ రాత్రి నిద్రించుటకు ముందే త్రాడు వెదకవలెనన్నట్లున్నది.

కాని తెలియుట అనునది అంత తేట అయిన సంగతి కాదు, ఇది ఒప్పుకొనవలెను. ఒక దూరపు ఊరినుండి ఒక ఉత్తరము వచ్చును, బిడ్డకు గాయమైనదని. అది ఒక్క ఇంటి పొరపాటా, లేక అన్ని ఇండ్లలో దాగియున్నదా? గుమాస్తా దానిని ఒక కట్టలో పెట్టును. రెండేండ్లకు మరియొక ఉత్తరము. దానిని వేరొక గుమాస్తా వేరొక కట్టలో పెట్టును. కంపెనీ అనునది ఒక మనిషి కాదు. దాని కుడిచేతికి వచ్చినది ఎడమచేతికి తెలియకపోవచ్చును. తప్పు ఒప్పుకొనినచో దావాలు వచ్చునని చెప్పు వకీళ్లు ప్రక్కన ఉందురు. నిజము చెప్పువానికి నష్టము, ఊరకుండువానికి లాభము అన్నట్లు లోకము అమర్చబడియున్నప్పుడు, ఊరకుండుట ఎంత సులభమో మనకును తెలియును. మన సంతలో పాలిచ్చు గేదెను అమ్మువాడు దాని తన్నుగుణము కొనువానికి చెప్పునా? అడిగినప్పుడు చెప్పుదునులే అనుకొనును. కొనువాడు అడుగడు.

తెలిసిన తరువాత చేయవలసినదానిని ఇంగ్లీషువారు రీకాల్ అందురు, అనగా వెనుకకు పిలుచుట. మోటారుకారునైతే పిలువవచ్చును, అది చక్రములమీద కంపెనీ షెడ్డునకు వచ్చును. గోడలో కట్టిన లిఫ్టు ఎట్లు వచ్చును? అది రాదు గనుక చేసినవాడే పోవలెను. ఇరువది ముప్పది యేండ్లలో ఆ ఇల్లు మూడు చేతులు మారియుండును. లెక్కలో ఉన్న యజమానుడు సమాధిలో ఉన్నాడు. ఉత్తరము వ్రాసినచో తిరిగి వచ్చును. ఇంకొక చిక్కు ఏమనగా, ఇంటిలో పిల్లలు లేని వృద్ధ దంపతులు ఆ ఉత్తరము చదివి, మాకు పిల్లలెక్కడ అని సొరుగులో పెట్టుదురు. క్రిస్మసు పండుగకు మనుమలు వచ్చునప్పుడు సొరుగులోని ఉత్తరము జ్ఞాపకమునకు రాదు. సెలవుల ఇంటికైతే ప్రతి వారము ఒక క్రొత్త కుటుంబము వచ్చును. వారికి ఆ ఉత్తరము ఎన్నడును చేరదు. పిట్టగోడ ఎవని కొరకు అని మొదట చెప్పుకొంటిమో వాడే ఈ అతిథి.

కాబట్టి ఉత్తరము పంపితిని, నా పని తీరినది అనుట చాలునా? యెహెజ్కేలు 33వ అధ్యాయములోని కావలివాడు బూర ఊదినచో తన ప్రాణము దక్కించుకొనును. వినియు జాగ్రత్తపడనివాడు తన దోషము తానే భరించును. ఆ న్యాయము వినగలవారికి తగును. రెండేండ్ల బిడ్డ బూర వినునా? వినినను దాని అర్థమెరుగునా? అపాయములో నున్నవాడు ఉత్తరము చదువలేనివాడైనప్పుడు, ఉత్తరముతో పని తీరినదనుట నా మనస్సునకు సరిపడదు. నూరింటిలో తొంబదితొమ్మిది గొఱ్ఱెలు చేరినవని కాపరి కొట్టము తలుపు వేయలేదు. వ్యాపార లెక్కలో నూటికి తొంబదితొమ్మిది మిక్కిలి మెచ్చదగినది; నిజమునకు ఇట్టి ప్రకటనలకు అంతమంది బదులు పలుకుట అరుదు. అయినను దొరకని ఆ ఒక్క ఇంటిలోనే బిడ్డ ఉండవచ్చును గదా.

ఉత్తరము అందుకొనినవానికిని ఒక మాట. ఎద్దు చేతులు మారినట్లు అపాయమును చేతులు మారును. సొరుగులో పెట్టిన దినమునుండి ఆ సందు కంపెనీది మాత్రమే కాదు.

ఇట్టి ప్రమాదము జరిగినప్పుడు లోకము ముందుగా అడుగు మాట ఒకటున్నది. తల్లి ఎక్కడ నున్నది? బిడ్డను చూచుకొనలేదా? ఆ మాటకంటె క్రూరమైనది లేదని నా అభిప్రాయము. బీరువా తలుపువలె కనబడు తలుపు వెనుక మరణమున్నదని ఆమెకు ఎవరు చెప్పిరి? సిలోయములో గోపురము కూలి పదునెనిమిదిమంది చనిపోయినప్పుడు, వారు తక్కినవారికంటె పాపులా అని అడుగువారుండిరి. ప్రభువు కాదనెను (లూకా 13). చనిపోయినవారి దోషము వెదకుట గోపురము కట్టినవానికి ఎప్పుడును సౌకర్యమే. తల్లిమీద నింద వేసినచో ఇక తలుపు కొలువవలసిన పని ఎవరికిని ఉండదు.

ఇది దూరదేశపు ధనవంతుల ఇంటి సంగతి అని చదువరి అనుకొనవచ్చును. మన పొలములకు వత్తము. గోయి తీసి దానిని కప్పనివాడు అందులో పడిన గాడిదకు సైతము వెల చెల్లింపవలెనని అదే నిర్గమకాండము 21వ అధ్యాయము చెప్పుచున్నది. 2017 జూన్‌లో చేవెళ్ల దగ్గర పదునెనిమిది నెలల పాప బోరుబావిలో పడి మరణించెను. 2020 మేలో మెదకు జిల్లాలో నీరు పడని క్రొత్త బోరులో మూడేండ్ల బాలుడు పడి మరణించెను. బోరు త్రవ్వుటకు ముందే అధికారులకు తెలుపవలెననియు, చుట్టు కంచె వేయవలెననియు, పనికిరాని బోరును పూడ్చవలెననియు సుప్రీం కోర్టువారు 2010లోనే ఆదేశించియుండిరి. రైతు దుర్మార్గుడా? కాదు. అప్పు తెచ్చి వేయించిన బోరులో నీరు పడలేదు. రిగ్గువాడు తన డబ్బు తీసికొని పోయెను. ఆ రంధ్రమును చూడగనే అప్పు జ్ఞాపకమునకు వచ్చును గనుక అతడు ఆ వైపు పోడు. ఒక మూత కొరకు తిరిగి పోవలసియుండగా దుఃఖమును సిగ్గును అతని కాళ్లను పట్టుకొనెను. పెద్ద కంపెనీ తన పాత లిఫ్టుల వైపు చూడకపోవుటకును ఇట్టి కారణమే కొంత ఉండునేమో. రైతుమీద నాకు జాలి ఎక్కువ, కంపెనీమీద తక్కువ. కంపెనీకి మనుష్యులును డబ్బును ఉన్నవి. అయితే బిడ్డ ప్రాణము లెక్కలో రెండు రంధ్రములును ఒకటే.

లిఫ్టులును మన ఇంటిముందరికి వచ్చియే యున్నవి. 2025 ఫిబ్రవరిలో హైదరాబాదులో ఒక అపార్టుమెంటులో ఆరేండ్ల బాలుడు లిఫ్టునకు గోడకు నడుమ ఇరుకుకొని, బయటికి తీసినను ఆస్పత్రిలో కన్నుమూసెను. మరుసటి నెలలోనే అదే నగరములో నాలుగేండ్ల పిల్లవాడొకడు లిఫ్టులో ఇరుకుకొని మరణించెను. అతని తండ్రి ఆ భవనమునకు కావలివాడు. ఇవి ఇంటి లిఫ్టులు కావు, అనేక కుటుంబములు వాడునవి. కాని మన గ్రామములనుండి వలసపోయి పట్టణములో వాచ్‌మన్ పనికి కుదురుకొనిన కుటుంబములు ఎన్ని! మెట్ల క్రింది గదిలో వారి కాపురము. తలుపు తెరచినచో ఎదుట లిఫ్టు. తల్లి పై అంతస్తులలో అంట్లు తోముచుండగా పిల్లలు ఆ గ్రిల్లు తలుపుతోనే ఆడుకొందురు.

మన దేశములో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టముచేత, 2020 జూలైలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఏర్పడెను. అపాయకరమైన వస్తువులను వెనుకకు పిలిపించుమని ఆజ్ఞాపించు అధికారము దానికి కలదు. లోపముగల వస్తువువలన హాని కలిగినచో దానిని చేసినవానిని, అమ్మినవానిని నష్టపరిహారము అడుగుటకు అదే చట్టము దారి చూపుచున్నది. మంచిదే. లిఫ్టుల తనిఖీ మాత్రము రాష్ట్రముల చేతిలోని పని. ప్రతి రాష్ట్రములోను అది ఒకే తీరుగా లేదు. చట్టము వచ్చువరకు టేపు కొలత ఆగనక్కరలేదు.

పట్టణములో కావలిపనికి పోయిన మీ తమ్ముడో మరిదియో పండుగకు ఇంటికి వచ్చునప్పుడు అడుగుడి: తలుపు తెరచియుండగా ఆ లిఫ్టు కదలుచున్నదా? కదలినచో అది పాడైనది. బాగుచేయువరకు కరెంటు ఆపించుమని అపార్టుమెంటు పెద్దలతో చెప్పవలెను. వారు కోపపడినను చెప్పవలెను. ఒంటరిగా చెప్పుటకు జంకినచో ఇద్దరు ముగ్గురు కాపురస్థులను కూడగట్టుకొని చెప్పవలెను. అమెరికాలోనున్న కుమార్తె ఆదివారము ఫోను చేయునప్పుడు, ఇంటిలో గాని సెలవులకు పోవు అద్దె ఇంటిలో గాని లిఫ్టు ఉన్నదేమో అడుగుడి. ఉన్నచో రెండు తలుపుల నడుమ ఎంత సందున్నదో కొలువుమనుడి. నాలుగు అంగుళములు అనగా బెత్తెడుకంటె కొంచెము ఎక్కువ. అంతకు మించినచో, ఆ దిమ్మ బిగించువరకు బయటి తలుపునకు తాళము వేసి లిఫ్టునకు కరెంటు తీసివేయుమనుడి. కంపెనీ పేరు పెట్టెలోని పలకమీద ఉండును, వారికి వ్రాసినచో బాగుచేయుట ఉచితమో కాదో తెలిసిపోవును. చూచెదనులే అమ్మా అని ఆమె ఫోను పెట్టివేయవచ్చును. మరుసటి ఆదివారము మరల అడిగి, ఎన్ని అంగుళములో ఆ సంఖ్య చెప్పించుకొనుడి.